నెమ్మదిస్తూ వేగం పెంచే రైలు

ఆర్థర్ హొనెగర్ 1923లో రాసిన 'పసిఫిక్ 231' ఆరేడు నిమిషాల ఆర్కెస్ట్రా రచన. ఆవిరి ఇంజన్ బుసలు కొడుతూ నిలబడి ఉండటం, బరువుగా కదలడం, వేగం అందుకోవడం, చివర్లో బ్రేకులు పడటం అన్నీ అందులో వినిపిస్తాయి. ఇది రైలు అని పక్కనుంచి ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే స్కోరు, అంటే స్వరాలు రాసుకున్న ప్రతి, తెరిచి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. రైలు ఊపందుకున్నాక, వేగం పెరిగేకొద్దీ, స్కోరులో రాసిన తాళం వేగం తగ్గుతూ పోతుంది. కండక్టర్ చేయి అంతకంతకూ నిదానిస్తుంటే, వినేవాళ్ల చెవికి మాత్రం బండి దూసుకుపోతూ ఉంటుంది.

ఇందులో సగం రహస్యం సరళీ స్వరాలు నేర్చుకున్న పిల్లలకు కూడా తెలుసు. ఆది తాళం చేతి మీద ఒకే వేగంతో వేస్తూ మొదటి కాలంలో దెబ్బకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు పాడతారు. చెయ్యి కదిలే వేగం మారదు. పాట నాలుగింతలు పరుగెడుతుంది. హొనెగర్ దీనికి ఒక మెలిక పెట్టాడు. దెబ్బకు పడే స్వరాల సంఖ్యను మెట్టుమెట్టుగా పెంచాడు. రెండుకీ నాలుగుకీ మధ్య తిశ్ర నడక లాంటి మూడేసి స్వరాల మెట్టు కూడా వేశాడు. అదే సమయంలో దెబ్బకూ దెబ్బకూ మధ్య దూరాన్ని కొద్దికొద్దిగా సాగదీశాడు. మామూలుగా కాలం మారినప్పుడు వేగం ఒక్కసారిగా రెట్టింపై గెంతినట్టుంటుంది. ఇక్కడ తాళం వెనక్కి లాగుతుండటంతో ఆ గెంతు మెత్తబడి, వేగం వాలు ఎక్కినట్టు పెరుగుతుంది. పైగా ఒక్కో దెబ్బా మరింత బరువుగా పడుతుంది. వందల టన్నుల ఇనుము పరుగెత్తుతోందన్న భావన నాకు ఆ బరువు వల్లే కలుగుతుంది. మామూలుగా తాళం వేగం పెంచుకుంటూ పోయి ఉంటే అది బొమ్మ రైలు అయ్యేది.

ఈ లెక్కే అసలు సంగతి అని హొనెగరే తర్వాత చెప్పుకున్నాడు. రైలింజన్లంటే తనకు పిచ్చి ప్రేమ అని మొదట్లో చెప్పిన మనిషే, చాలా ఏళ్ల తర్వాత ఇంజన్ చప్పుడు అనుకరించడం తన ఉద్దేశం కాదన్నాడు. కదలిక నెమ్మదిస్తుండగా లయ గణితబద్ధంగా వేగం పెంచుకోవడం అనే ఒక ఊహను పరీక్షించానని, 'సింఫనిక్ మూవ్‌మెంట్' అన్న పేరు చప్పగా ఉందనిపించి రైలు పేరు తగిలించానని వివరించాడు. రెండు మాటలూ నిజమే అయ్యుంటాయి. ఇదే వరుసలో అతను మరో రెండు రాశాడు. రెండోదానికి 'రగ్బీ' అని పేరు పెట్టాడు. మూడోదానికి నంబరు తప్ప పేరు లేదు. ఆ మూడోదాన్ని ఇప్పుడు వినేవాళ్లు చాలా తక్కువ. పేరు తగిలించడం మంచిపనే అన్నమాట.

ఆ పేరులోని 231 ఇరుసుల లెక్క. ముందు రెండు ఇరుసులు, మధ్యలో ఇంజన్‌ను నడిపించే మూడు, వెనక ఒకటి. ఫ్రెంచివాళ్లు ఇరుసులు లెక్కపెడతారు. ఇంగ్లిషువాళ్లు, అమెరికన్లు చక్రాలు లెక్కపెట్టి దీన్నే 4-6-2 అంటారు. ఈ అమరిక ఉన్న ఇంజన్‌కు పసిఫిక్ అని పేరు. మన దేశంలో 1947 నుంచి ఎక్స్‌ప్రెస్ రైళ్లను లాగిన, గుండ్రటి ముక్కున్న డబ్ల్యూపీ ఇంజన్లు కూడా పసిఫిక్‌లే. హొనెగర్ తల్లిదండ్రులు స్విస్ వాళ్లు, అందుకని స్విట్జర్లాండ్ 1996లో విడుదల చేసిన 20 ఫ్రాంకుల నోటు మీద అతని బొమ్మ వేశారు, వెనక వైపు రైలింజన్ చక్రంతో సహా.

యంత్రాల సంగీతం అనగానే అంతా ఒకే బుట్టలో వేసేస్తారు. 20వ శతాబ్దం మొదట్లో సంగీతకారులకు ఫ్యాక్టరీలు నచ్చాయి, గోల చేశారు, అంతే అన్నట్టు. నిజానికి ఇందులో మూడు వేర్వేరు పనులున్నాయి. యంత్రపు చప్పుడునే సంగీతంగా తీసుకోవడం ఒకటి. మనుషులు వాయించే మామూలు ఆర్కెస్ట్రా చేత యంత్రంలా ప్రవర్తింపజేయడం ఇంకొకటి. మనిషిని పక్కన పెట్టి యంత్రాన్నే వాద్యగాడిగా కూర్చోబెట్టడం మరొకటి. మూడింటికీ కావలసిన తెలివి వేరు, మూడూ విఫలమయ్యే తీరు కూడా వేరు. గట్టిగా వినిపించేది మొదటిది. నా ఉద్దేశంలో ఎక్కువ దూరం వెళ్లింది మూడోది.

మొదటిదాని గురించి అందరూ చెప్పే పేరు లుయీజీ రుసోలో. యంత్రాన్నీ వేగాన్నీ కీర్తించిన కళాకారుల గుంపు, ఇటలీ ఫ్యూచరిస్టుల్లో ఒకడు, నిజానికి చిత్రకారుడు. 1913 మార్చిలో 'చప్పుళ్ల కళ' అనే ప్రకటన రాశాడు. వయొలిన్లు, పియానోలు ఇచ్చే శబ్దాలు బొత్తిగా కొన్నేననీ, ట్రాములు, మోటార్లు, జనసమ్మర్దం ఉన్న నగరంలో బతికే చెవికి అవి చాలవనీ అందులో వాదించాడు. ఊరికే వాదించి వదిలెయ్యలేదు. ఇంతొనరుమోరి అనే పెట్టెలు తయారు చేశాడు. ముందు పెద్ద గొట్టం, పక్కన తిప్పే పిడి, పైన శ్రుతి మార్చే మీట. ఒకటి గరగరలాడుతుంది, ఒకటి బుసకొడుతుంది, ఇంకొకటి చిటపటలాడుతుంది. 1914 ఏప్రిల్‌లో మిలాన్‌లోని ఒక థియేటర్లో కచేరీ పెడితే, ఫ్యూచరిస్టులు వేదిక దిగి ప్రేక్షకులతో చేతులు కలిపారు, కరచాలనానికి కాదు. ఆ పెట్టెలేవీ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిగల్లేదు. మిగిలినవి కొన్ని ఫొటోలు, ఒక నగరం మేలుకోవడం గురించి రాసిన స్కోరులో చిన్న ముక్క, 1921లో అతని అన్న ఆంతోనియో చేసిన రికార్డింగులు. ఆ రికార్డు వింటే కాస్త నీరసం వస్తుంది. మామూలు ఆర్కెస్ట్రా పాతకాలపు రాగం వాయిస్తుంటే ఈ పెట్టెలు వెనక గురక పెడుతుంటాయి. ఆలోచన కొత్తదే, సంగీతం మాత్రం పాతదే.

దీనికి తారస్థాయి కాస్పియన్ తీరంలోని బాకూ నగరంలో జరిగింది. రష్యా విప్లవం ఐదో వార్షికోత్సవానికి, 1922 నవంబర్ 7న, ఆర్సెనీ అవ్రామోవ్ ఆ ఊరినంతటినీ వాద్యంగా వాడుకున్నాడు. ఫ్యాక్టరీ సైరన్లు, కాస్పియన్ నౌకాదళం కూతలు, ఫిరంగులు, మెషిన్‌గన్లు, విమానాలు, ఆవిరి ఈలలు వరుసగా అమర్చిన ఒక యంత్రం, వేల గొంతులు. నడిపించినవాళ్లు ఎత్తున నిలబడి జెండాలు ఊపారు. అయితే మైళ్ల దూరంలో ఉన్న సైరన్ చప్పుడు వినేవాడిని చేరడానికి సెకన్లు పడుతుంది. ఒకే సమయంలో మోగినవి ఒకే సమయంలో వినపడవు. ఊరిలో ఏ మూల నిలబడ్డవాడికి ఆ మూల సింఫనీ.

శబ్దాన్ని సంగీతంగా ఎలా అల్లాలో చూపించింది ఎద్గార్ వారేజ్. 1931లో పూర్తయి, 1933లో న్యూయార్క్‌లో మొదటిసారి వాయించిన 'అయొనిజేషన్'లో పదమూడుమంది తాళవాద్యాల వాళ్లుంటారు. సైరన్లు కూడా ఉన్నాయి, అయితే ఫ్యాక్టరీని గుర్తు చెయ్యడానికి కాదు. మెట్లు లేకుండా జారుతూ పైకీ కిందికీ పోయే స్వరం అతనికి కావలసి వచ్చింది, ఆ పని సైరన్ చేస్తుంది, అంతే. వస్తువు పేరు మర్చిపోయి దాని ధ్వని లక్షణాన్ని తీసుకోవడం రుసోలోకు పూర్తిగా చేతకాని పని.

రెండో దారికి వస్తే, హొనెగర్ పక్కన నిలబడేది అలెక్సాండర్ మసొలోవ్ రాసిన 'జవోద్', అంటే ఫ్యాక్టరీ. 'ఉక్కు' అనే బ్యాలే కోసం 1926-27లో రాశాడు. బ్యాలేలో మిగతా భాగాలు పోయాయి, ఈ మూడు నాలుగు నిమిషాల ముక్క మిగిలింది. హొనెగర్ రచనకు కథ ఉంది, బయలుదేరడం, ఆగడం. మసొలోవ్ ఫ్యాక్టరీకి కథ లేదు. ఒక్కో వాద్యానికీ ఒక్కో చిన్న స్వరాల ముక్క ఇచ్చి, దాన్నే మళ్లీ మళ్లీ వాయించమంటాడు. ఒకదాని పొడవు ఇంకొకదానితో కలవదు, పళ్ల సంఖ్య వేరువేరుగా ఉన్న గేర్ల లాగా. ఒక్కో గేరూ వచ్చి చేరేకొద్దీ గది నిండిపోతుంది. ఒకతను పెద్ద రేకును పట్టుకుని ఊపుతాడు. మధ్యలో హార్న్ వాద్యగాళ్లు లేచి నిలబడి ప్రధాన స్వరాన్ని వాయించాలని స్కోరులోనే రాసి ఉంది. శ్రమించే యంత్రాల మధ్య మనిషి లేచి నిలబడటం అనుకోవచ్చు. ఆ హోరులో హార్న్‌లు వినపడాలంటే అదొక్కటే దారి అనీ అనుకోవచ్చు.

1927 డిసెంబర్‌లో మాస్కోలో విప్లవ దశాబ్ది కచేరీలో వాయించినప్పుడు ఇది కొత్త దేశపు కొత్త సంగీతం. పదేళ్లు తిరగకుండానే గాలి మారింది. కార్మికుడికి అర్థమయ్యే పాట కావాలి, జానపద బాణీలు కావాలి, ఈ గోల పెట్టుబడిదారీ దేశాల జబ్బు అన్నారు. మసొలోవ్‌ను 1936లో స్వరకర్తల సంఘం నుంచి వెలివేశారు. మరుసటి ఏడాది అరెస్టు చేసి ఎనిమిదేళ్ల శిక్ష వేసి శ్రమశిబిరానికి పంపారు. గురువులు గ్లియేర్, మియస్కోవ్‌స్కీ కలగజేసుకోవడంతో 1938లో బయటపడ్డాడు. ఆ తర్వాత అతను రాసిన సంగీతంలో ఫ్యాక్టరీ లేదు. జానపద గీతాలు సేకరించాడు, అధికారులకు నచ్చే సాఫీ రచనలు చేశాడు. యంత్రాన్ని పొగిడినందుకు శిక్ష పడింది అనుకుంటే పొరపాటు. సోవియట్ ప్రభుత్వానికి యంత్రాలంటే ప్రేమ ఏమాత్రం తగ్గలేదు. యంత్రం గురించి పాడాలిగానీ యంత్రంలా పాడకూడదు, తేడా అక్కడ వచ్చింది.

ఇక మూడో దారి. ఆర్కెస్ట్రా ఎంత యంత్రంలా నటించినా వాయించేది మనుషులే. ఊపిరి పీల్చుకుంటారు, అలిసిపోతారు, ఒకరినొకరు విని సర్దుకుంటారు. నిజమైన యంత్రం చేత వాయించాలంటే 1920ల్లో చేతికందే వస్తువు పియానోలా. చిల్లులు పొడిచిన కాగితపు చుట్ట లోపల తిరుగుతుంటే, చిల్లు వచ్చినచోట గాలి పోయి ఆ మెట్టు దానంతటదే నొక్కుకునే పియానో. ఇళ్లలో, హోటళ్లలో హుషారు పాటలకు వాడే సరుకు. న్యూజెర్సీ నుంచి యూరప్ వచ్చిన జార్జ్ ఆంథైల్‌కు అందులో ఇంకేదో కనిపించింది. ఫెర్నాఁ లెజే, డడ్లీ మర్ఫీ తీసిన ఒక ప్రయోగాత్మక సినిమా కోసం 1924 ప్రాంతంలో 'బ్యాలే మెకానిక్' రాశాడు. కలిసి ఒకేసారి నడిచే 16 పియానోలాలు, మనుషులు వాయించే పియానోలు, జైలోఫోన్లు, డప్పులు, కరెంటు గంటలు, సైరన్, విమానం ప్రొపెల్లర్లు, ఇవీ జాబితాలో ఉన్నవి. నర్తకులెవరూ లేరు, నాట్యం చేసేది యంత్రాలే.

చిక్కు 'కలిసి ఒకేసారి' అన్న మాట దగ్గర వచ్చింది. ఒక్కో పియానోలా మోటారూ ఒక్కో రవ్వ తేడాతో తిరుగుతుంది. కాసేపటికి ఆ తేడా పెరిగి రెండూ రెండు దారులు పడతాయి. మనుషులైతే విని సర్దుకుంటారు, పియానోలాకు చెవులు లేవు. 16 యంత్రాలను ఒక్క తాటి మీద నడిపే సాంకేతికత ఆ రోజుల్లో పని చెయ్యలేదు. దాంతో 1926లో పారిస్‌లోనూ, 1927 ఏప్రిల్‌లో న్యూయార్క్ కార్నెగీ హాల్లోనూ ఒక్క పియానోలాతో, మిగతా పియానోలకు మనుషులను పెట్టి కానిచ్చేశారు. కార్నెగీ హాల్ కచేరీ నవ్వులపాలైంది. ప్రొపెల్లర్ గాలికి ముందు వరసలవాళ్లు టోపీలు పట్టుకుని కూర్చున్నారనీ, ఒకాయన చేతికర్రకు తెల్ల రుమాలు కట్టి లొంగిపోతున్నట్టు ఊపాడనీ, సైరన్ వేడెక్కి కూసేసరికి సంగీతం అయిపోయిందనీ చెప్పుకుంటారు. ఆంథైల్ పేరు అమెరికాలో చాలాకాలం ఆ జోక్ కింద నలిగిపోయింది.

జోక్ పక్కన పెట్టి ఆ రచన వింటే, చివరి భాగంలో అసలైన కొత్తదనం ఉంది. హోరెత్తిపోతున్న చోట ఉన్నట్టుండి నిశ్శబ్దం. మళ్లీ హోరు, మళ్లీ ఇంకా పొడుగైన నిశ్శబ్దం. ఆ సమయంలో కాగితపు చుట్ట ఆగలేదు, చిల్లులు లేకుండా తిరుగుతోంది, అంతే. మనిషి వాయించే విరామంలో ఎంతోకొంత ఎదురుచూపు ఉంటుంది, వాద్యగాడి చేతులు పైకి లేచే క్షణం కోసం చూస్తాం. ఈ విరామంలో అలాంటి ఆసరా ఏదీ లేదు. రుసోలో చప్పుళ్లలో వెతికిన యంత్రం నాకైతే ఇక్కడ, ఏమీ వినపడని చోట, దొరికింది.

రాసినది రాసినట్టుగా 16 పియానోలాలతో మోగడానికి 1999 నవంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. మసాచుసెట్స్‌లోని లోవెల్‌లో కంప్యూటర్‌తో నడిచే పియానోలు పెట్టి వాయించారు. ఆంథైల్ చనిపోయి అప్పటికి నలభై ఏళ్లు. అయితే ఆ చిల్లుల కాగితం అతన్ని మధ్యలో ఇంకో చోటికి కూడా తీసుకుపోయింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హాలీవుడ్‌లో ఉంటూ, నటి హెడీ లమార్‌తో కలిసి టార్పీడోల కోసం ఒక రహస్య రేడియో పద్ధతి కనిపెట్టాడు. పంపేచోట ఒక చుట్ట, అందుకునేచోట ఒక చుట్ట, రెండూ ఒకేలా తిరుగుతూ రేడియో తరంగదైర్ఘ్యాన్ని 88 స్థానాల మధ్య గెంతిస్తుంటే శత్రువుకు ఎక్కడ అడ్డుకోవాలో తెలియదు. 88 అంటే పియానో మెట్ల సంఖ్య. 1942 ఆగస్టులో పేటెంట్ వచ్చింది. నౌకాదళం యుద్ధంలో దాన్ని వాడలేదు. వైఫైని కనిపెట్టింది వీళ్లే అని వాట్సాప్‌లో తిరిగే మాట మాత్రం అతి. పౌనఃపున్యాలు గెంతించే ఆలోచన చాలామంది చేతుల్లో పెరిగింది, అందులో వీళ్లదీ ఒక చెయ్యి.

ఆంథైల్‌కు పియానోలా ఒక గుంపులో సభ్యుడు. కాన్లన్ నాంకరోకు అది జీవితం. 1912లో అమెరికాలో పుట్టి, స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫ్రాంకోకు వ్యతిరేకంగా పోరాడి వచ్చి, తన దేశంలో పాస్‌పోర్టు దొరకక 1940లో మెక్సికో నగరానికి వెళ్లిపోయాడు. తర్వాత ఆ దేశ పౌరుడే అయ్యాడు. అతని బుర్రలో ఉన్న లయలు వాయించేవాళ్లు దొరకలేదు. చిక్కుముడి లయలను పియానోలా కాగితం మీద పొడిస్తే సరిపోతుందని హెన్రీ కవెల్ 1930లో ఒక పుస్తకంలో రాసిన సలహా అతనికి తగిలింది. చిల్లులు పొడిచే యంత్రం ఒకటి సంపాదించి, ఒక గదిలో కూర్చుని, ఒక్కో చిల్లూ చేత్తో పొడుస్తూ యాభై దాకా 'స్టడీ'లు చేశాడు. కొన్ని నిమిషాల సంగీతానికి నెలల తరబడి పని.

అతను అడిగిన ప్రశ్న తాళజ్ఞానం ఉన్న ఎవరికైనా అర్థమవుతుంది. మూడుకు నాలుగు, నాలుగుకు ఐదు మనిషి వెయ్యగలడు. మృదంగ విద్వాంసులు ఇంతకంటే కష్టమైనవి కూడా తనియావర్తనంలో వేస్తారు. ఎంత కష్టమైనా చివరికి ఎక్కడో సమం మీద కలుస్తాయి, కలిసే చోటు తెలుసు కాబట్టే అక్కడిదాకా లెక్క పట్టుకుని నడవగలం. రెండు గొంతుల వేగాల నిష్పత్తి రెండుకు, రెండు వర్గమూలానికి మధ్య ఉన్న నిష్పత్తి అయితే? అది పూర్ణసంఖ్యల్లోకి దిగదు. దెబ్బలు ఒకసారి కలిశాయంటే లెక్క ప్రకారం మళ్లీ ఎప్పటికీ కలవవు. చేతి మీద వేసి చూపించడానికి వీల్లేని తాళం అది. నాంకరో 33వ స్టడీ ఆ నిష్పత్తి మీదే ఉంది. 40వ స్టడీలో గణితంలోని 'e', 'π' (పై) అనే సంఖ్యలను తీసుకున్నాడు. 21వ స్టడీ వినడానికి ఇంకా తేలిక. ఒక గొంతు నిదానంగా మొదలై వేగం పెంచుకుంటూ పోతుంది, ఇంకొకటి గబగబా మొదలై నిదానిస్తుంది. మధ్యలో ఎక్కడో రెండూ ఒకదాన్నొకటి దాటుకుంటాయి. ఆ దాటే క్షణాన్ని చెవితో పట్టుకోవాలని ప్రయత్నించండి, మజా వస్తుంది.

హొనెగర్ వేగం గురించి మోసం చేశాడు, అందమైన మోసం. నాంకరోకు ఆ అవసరం లేదు, అతని యంత్రం నిజంగానే ఆ వేగంతో వాయిస్తుంది. ఆశ్చర్యం ఏమిటంటే ఫలితం చల్లగా, ఎండిపోయినట్టు ఉండదు. మొదటి స్టడీల్లో అమెరికా బ్లూస్, బూగీవూగీ వాసన గుప్పుమంటుంది. యంత్రం పెట్టాడు కాబట్టి భావం పోయిందని వినకుండానే తీర్పిచ్చేవాళ్లు ముందు 3వ స్టడీ వినాలి. దశాబ్దాలపాటు ఎవరికీ తెలియకుండా చేసిన ఈ పనికి 1982లో అమెరికాలో పేరున్న మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. హంగరీ స్వరకర్త గ్యోర్గీ లిగెతి ఈ రికార్డులు విని ఆకాశానికెత్తాడు. ఆ లిగెతి 1962లోనే వంద మెట్రోనోములకు, అంటే టిక్కుటిక్కుమంటూ తాళం వేగం చూపించే పరికరాలకు, ఒక రచన చేసి ఉన్నాడు. వందా కీ ఇచ్చి వదిలేస్తే మొదట వాన చప్పుడులా కలగలిసిపోయి, ఒక్కోటీ ఆగిపోయేకొద్దీ మధ్యలోంచి లయలు బయటపడతాయి. నెదర్లాండ్స్‌లో మొదటి ప్రదర్శనకు తీసిన టీవీ ప్రసారాన్ని ఆపేశారు.

ఈ మూడు దారులూ చప్పుడును రికార్డు చేసి మళ్లీ అల్లుకునే వీలు వచ్చాక ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. 1948లో పారిస్‌లో పియెర్ షఫేర్ బాతిన్యోల్ స్టేషన్ దగ్గర రైళ్లను రికార్డు చేసి, గ్రామఫోన్ రికార్డుల మీద ఆ చప్పుళ్లను కత్తిరించి, తిప్పి, మళ్లీమళ్లీ మోగించి ఒక రచన చేశాడు. హొనెగర్ వాద్యాలతో రైలును తలపిస్తే, షఫేర్ అసలు రైలునే తెచ్చి, అది రైలు అని వినేవాళ్లు మర్చిపోవాలని కోరుకున్నాడు. మర్చిపోవడం కష్టం, రైలు రైలులాగే వినిపిస్తుంది. ఆ సంగతి అతనికీ తెలుసు, అందుకే తర్వాతి రచనల్లో గుర్తుపట్టలేని శబ్దాల వైపు నడిచాడు.

మర్చిపోనివ్వకుండా చేసినవాడు స్టీవ్ రైష్. 1988లో స్ట్రింగ్ క్వార్టెట్‌కు (నలుగురు తీగవాద్యాల వాళ్ల బృందానికి), టేపుకు కలిపి రాసిన 'డిఫరెంట్ ట్రైన్స్' పుట్టుక అతని చిన్నతనంలో ఉంది. తల్లిదండ్రులు విడిపోయి ఒకరు న్యూయార్క్‌లో, ఒకరు లాస్ ఏంజెలెస్‌లో ఉండేవారు. 1939 నుంచి 1942 వరకు ఆ పిల్లాడు వాళ్ల మధ్య రైళ్లలో తిరిగాడు. అదే సమయంలో యూరప్‌లో ఉండి ఉంటే, యూదు పిల్లాడిగా, తాను ఎక్కాల్సిన రైళ్లు వేరేవని పెద్దయ్యాక తోచింది. తనను వెంటబెట్టుకు తిరిగిన ఆయా గొంతు, పాత రోజుల్లో అమెరికా రైళ్లలో పనిచేసిన ఒక పోర్టరు గొంతు, నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడి అమెరికా చేరినవాళ్ల గొంతులు సేకరించాడు. మాటల్లోంచి చిన్న చిన్న ముక్కలు కత్తిరించి, ఆ పలుకులోని ఎత్తుపల్లాలను స్వరాలుగా రాసుకుని, వయొలా చేత, చెల్లో చేత, వయొలిన్ చేత అవే పలికించాడు. కింద రైలు చక్రాల లయ ఆగకుండా నడుస్తూ ఉంటుంది. మొదటి భాగంలో అమెరికా రైలు కూతలు, రెండో భాగంలో యూరప్ కూతలు, వాటితోపాటు సైరన్లు.

ఇందులో హొనెగర్ లెక్క లాంటిదేమీ లేదు. వేగం మెట్టుమెట్టుగా పెరగదు, తటాలున మారుతుంది, మారిన ప్రతిసారీ కొత్త మాట వినిపిస్తుంది. ఎవరి మాట వస్తే వాళ్లు పలికిన వేగమే ఆ క్షణానికి రైలు వేగం. వాయించే నలుగురూ, వెనక చక్రాలూ ఆ మాట వేగాన్నే పట్టుకుంటాయి, ఇంకొకరు మాట్లాడేదాకా.